నావికుడు విలియం హాల్

1857వ సంవత్సరపు స్వాతంత్ర్య సంగ్రామమును గూర్చి చదువునపుడు మనకు ఝాన్సీ లక్ష్మీబాయి, తాంతియా తోపే, బేగం హజ్రత్ మహల్ మున్నగువారి పేర్లు స్ఫురించును. ఆ సంగ్రామమున ఆంగ్లేయుల పక్షమున పోరాడి, వారి అత్యున్నత శౌర్య పతకమును పొందినవారిలో బానిసల బిడ్డ యొకడుండెనని మనలో పెక్కుమంది యెరుగరు. అతడే నోవాస్కోషియా దేశీయుడగు నల్లజాతి నావికుడు విలియం హాల్.

నోవాస్కోషియా నేటి కెనడాకు తూర్పున సముద్రములోనికి చొచ్చుకొనియున్న సీమ. హాల్ తల్లిదండ్రులు అమెరికాలో బానిసలు. 1812లో అమెరికాకును బ్రిటనుకును యుద్ధము సంభవించినపుడు, బ్రిటిష్ వారి నాశ్రయించిన బానిసలకు స్వేచ్ఛ లభించెను. అట్లు విముక్తులై ఆ సీమకు చేరినవారిలో హాల్ దంపతులును గలరు. 1820-30 సంవత్సరముల మధ్య హోర్టన్ అను గ్రామమున విలియం జన్మించెను. ఆ తీరమంతయు ఓడలు కట్టు రేవులే. బాల్యముననే అతడు ఆ పనిలో చేరి, పిదప వర్తక నౌకల నెక్కెను. కొంతకాలము అమెరికా నౌకాదళమునను పనిచేసి, 1852లో బ్రిటిష్ నౌకాదళమున సామాన్య నావికుడుగా చేరెను.

రెండేండ్లలో క్రిమియా యుద్ధము వచ్చెను. బ్రిటన్, ఫ్రాన్సు, టర్కీ ఒక వైపు. రష్యా ఒక వైపు. నావికులను ఫిరంగులతో ఒడ్డున దింపి సైన్యమునకు తోడుగా పోరాడించిరి. ఇంకర్మన్ యుద్ధమునందును, సెవస్తపోల్ ముట్టడియందును హాల్ పాల్గొని బ్రిటిష్, టర్కీ ప్రభుత్వముల పతకములను రెంటిని పొందెను.

1857లో అతడు షానన్ అను యుద్ధనౌకలో నుండెను. దాని నాయకుడు కెప్టెన్ విలియం పీల్. చైనా యుద్ధమునకై హాంకాంగు చేరిన ఆ నౌక, భారతదేశమున తిరుగుబాటు చెలరేగినదని వినగానే కలకత్తాకు మరలెను. పీల్ ఓడ ఫిరంగులను దింపించి, నావికులతో గంగానది మీదుగా అలహాబాదుకును, అచటినుండి భూమార్గమున కాన్పూరుకును, లక్నోకును సాగెను. సముద్రమునకు వందలకొలది మైళ్ల దూరమున నావికులు ఫిరంగులను లాగుచు నడచిరి.

లక్నో రెసిడెన్సీలో ఆంగ్లేయులు జూన్ ఆఖరునుండి ముట్టడిలో చిక్కుకొనియుండిరి. వారిని విడిపింప సర్ కాలిన్ కాంప్‌బెల్ సేనతో వచ్చెను. నవంబరు 16వ తేదీన సికందర్ బాగ్ వద్ద సుమారు రెండు వేలమంది సిపాయిలు నేలకొరిగిరి. ఆ మధ్యాహ్నమే ఆంగ్ల సేన షా నజఫ్‌పై పడెను. అది అయోధ్య నవాబులలో మొదట రాజ బిరుదము ధరించిన ఘాజీ ఉద్దీన్ హైదర్ సమాధి మందిరము. దాని ప్రాకారము మిక్కిలి దళసరి. దానిని కూల్చుటకై నావికులు ఫిరంగులను గోడకు అతి సమీపమునకు ఈడ్చుకొనిపోయిరి. ఒక ఫిరంగికి మనిషి తక్కువ కాగా, హాల్ తానుగా ముందునకు వచ్చెను. గోడపైనుండి సిపాయిలు తుపాకులతో కాల్చుచుండగా ఆ ఫిరంగి వద్దివారు ఒక్కొక్కరే కూలిరి. హాల్, గాయపడిన లెఫ్టినెంట్ థామస్ యంగ్ మాత్రము మిగిలిరి. ప్రేలిన ప్రతిసారి ఫిరంగి వెనుకకు తన్నును. గొట్టమును తుడిచి, మందును గుండును దట్టించి, మరల ముందునకు త్రోయవలెను. పలువురు చేయవలసిన ఆ పనిని హాల్ ఆపక చేసెను. చీకటి పడువేళకు షా నజఫ్ ఆంగ్లేయుల వశమయ్యెను.

అధికారి, సామాన్యుడు అను భేదము లేక ఇచ్చుటకై 1856లో నెలకొల్పిన విక్టోరియా క్రాస్ ఇరువురికిని లభించెను. 1859 అక్టోబరు 28న ఐర్లండులోని క్వీన్స్‌టౌన్ రేవునందు డానెగాల్ అను నౌకపై హాల్ దానిని స్వీకరించెను. నల్లజాతివారిలో ఆ పతకమును పొందిన మొదటివాడతడే. దానితో ఏటికి పది పౌనుల భరణము వచ్చెను.

1876లో హాల్ ఉద్యోగము విరమించి స్వగ్రామ ప్రాంతమునకు వచ్చి, అక్కచెల్లెండ్రతో కలసి చిన్న వ్యవసాయము చేసికొనెను. 1901లో, తరువాత అయిదవ జార్జి చక్రవర్తి అయిన రాజకుమారుడు హాలిఫాక్స్ నగరమునకు రాగా, వృద్ధుడగు హాల్ పతకములు ధరించి వేడుకలకు పోయెను. రాజకుమారుడు వానిని గమనించి పలుకరించెను. 1904లో హాల్ మరణించినపుడు సైనిక మర్యాదలు జరుగలేదు. సమాధిపై గుర్తురాయియు లేకుండెను. 1945లో అస్థులను హాంట్స్‌పోర్టునకు తరలించి, పిదప స్మారకమును కట్టిరి. నేడు కెనడా నౌకాదళపు ఓడ యొకటి అతని పేరు ధరించియున్నది.

ఇతని చరిత్రను మనమెట్లు గ్రహింపవలెను? తన తల్లిదండ్రులకు స్వేచ్ఛనిచ్చిన జెండాకు అతడు కృతజ్ఞుడై యుండవచ్చును. నావికుడు ఓడ పోవు చోటునకే పోవును. యుద్ధమెందులకని అతని నడుగువారు లేరు. అయినను ఆనాడు గోడకావల నిలిచినవారును స్వేచ్ఛకొరకే పోరాడిరి. వారిలో పెక్కుమందికి పతకములు లేవు, పేర్లును మిగులలేదు. హాల్ ధైర్యమును మెచ్చుకొనుటలో దోషము లేదు. కాని అతని గుర్తులేని సమాధికి నలుబది యేండ్లకైనను రాయి దొరకినది. షా నజఫ్ గోడల చాటున పడిపోయిన మనవారికి మన జ్ఞాపకమే గుర్తురాయి.