డ్రిల్లు మాస్టారి సొంత కంపెనీ

జాబ్ వదిలి సొంతంగా ఏదైనా పెట్టాలనుందా? ముందు మన కోడి రామ్మూర్తి నాయుడు కథ చూడండి. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పినతండ్రి దగ్గర పెరిగారు. చిన్నప్పట్నుంచే కుస్తీలు, కసరత్తులు. మద్రాసులో వ్యాయామ శిక్షణ పూర్తిచేసి, విజయనగరంలోనే డ్రిల్లు మాస్టారుగా చేరారు. తర్వాత ఆ ఉద్యోగం మానేసి సర్కస్ కంపెనీ పెట్టారు. గుండెలపై ఏనుగు నిలబడేది. ఇనుప గొలుసులు తెగిపోయేవి. కదలబోయే కార్లు ఆగిపోయేవి. ఇండియన్ హెర్క్యులస్‌గా లండన్ దాకా వెళ్లారు. చివరికి కాలికి పుండు పడి, కాలే తీసేయాల్సి వచ్చింది. 1942లో కన్నుమూశారు.

ఏళ్ల సాధన తర్వాతే ఆయన ఉద్యోగం వదిలారు. ఆ వరుస గుర్తుంచుకోండి. కంపెనీ భారమంతా ఒక్కరి ఒంటిమీదే ఉంటే ఎంత రిస్కో అదీ గుర్తుంచుకోండి.