మిసెస్ ఏవీఎన్ గారి మిస్టర్ ఎవరు?

వైజాగ్‌లో మిసెస్ ఏవీఎన్ కాలేజీ తెలియనివాళ్లు ఉండరు. మా అనకాపల్లి నుంచి వన్‌టౌన్ వైపు వెళ్లినప్పుడల్లా ఆ పేరు చూస్తూనే పెరిగాను. కానీ ఈ మిసెస్ ఎవరు, ఆవిడ మిస్టర్ ఎవరు అని ఒక్కసారి కూడా అనుకోలేదు. మీలో కూడా చాలామంది అనుకుని ఉండరు. నాకు తెలిసింది మాత్రం నేను చేసిన ఒక వెధవ పని వల్ల. ముందు అది చెప్పేస్తాను.

నా దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న టెలిస్కోపు ఉంది. ముందు లెన్సు 70 మిల్లీమీటర్లు. సెలవులకి ఇంటికి వెళ్తే డాబా మీదే నా మకాం. రాత్రి కృత్తికలు, ఓపిక ఉంటే ఆండ్రోమెడా గెలాక్సీ. పగలు టెలిస్కోపు ముందు సోలార్ ఫిల్టర్ బిగించి సూర్యుడు. (ఫిల్టర్ లేకుండా ఎప్పుడూ చూడకండి, కళ్లు పోతాయి.) ఫోన్‌ని ఐపీస్ దగ్గర పెట్టి ఫొటోలు తీసి, వాటిని లాప్‌టాప్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చి శుభ్రం చేయడం నా హాబీ. ఒకసారి సూర్యుడి మచ్చలు మసకగా వచ్చాయని ఒక ఏఐ యాప్‌లో వేశాను. అద్భుతంగా వచ్చింది. గ్రూపులో పెట్టాను, అందరూ పొగిడారు. ఒక్క సీనియర్ అక్క మాత్రం నాసా వాళ్లు అదే రోజు తీసిన సూర్యుడి ఫొటో పక్కన పెట్టి, నీ ఫొటోలో ఉన్న ఈ రెండు చిన్న మచ్చలు అక్కడ ఎందుకు లేవు అని అడిగింది. అవి సూర్యుడి మీద లేవు మరి. యాప్ కల్పించింది. నేను చూడలేదు, చూశానని పెట్టాను.

సిగ్గేసింది. ఆ అక్కే తర్వాత, నూట యాభై ఏళ్ల క్రితం ఈ ఒడ్డునే సూర్యుణ్ణి చూసిన పెద్దాయన ఒకాయన ఉన్నాడు, చదువుకో అని ఒక పేరు పంపింది. ఎ.వి.నర్సింగ్ రో. నిజం చెప్తున్నా, ఇంగ్లీషు స్పెల్లింగులో ఆ పేరు చూసి ఏదో నర్సింగ్ హోమ్ అనుకున్నాను. ఇంగ్లీషు మీడియం బుర్ర! తెలుగులో రాసుకుంటే అప్పుడు అర్థమైంది: అంకితం వెంకట నరసింగరావు. ఏవీఎన్!

ఆయన కథ ఆయన మామగారితో మొదలుపెట్టాలి. గోడే వెంకట జగ్గారావు గారు 1817లో పుట్టారు. గోడే అనేది మా అనకాపల్లి జమీందారీ చరిత్రలో కనిపించే ఇంటిపేరు. జమీందారుల ఇంట్లో పుట్టిన ఈ కుర్రాడికి లెక్కల పిచ్చి. మద్రాసు వెళ్లి అక్కడి అబ్జర్వేటరీ అధిపతి టి.జి.టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకున్నాడు. తిరిగొచ్చి 1840లో విశాఖపట్నంలో సొంత డబ్బుతో అబ్జర్వేటరీ పెట్టాడు. దాని పెద్ద టెలిస్కోపు లెన్సు 4.8 అంగుళాలు, అంటే నాదానికి దాదాపు రెట్టింపు వెడల్పు. కరెంటు లేదు, రైలు లేదు, అన్నీ ఓడలో రావాలి. అప్పట్లో!

ఆ ఊరివాళ్లకి ఆ అబ్జర్వేటరీ వల్ల వచ్చిన లాభం నక్షత్రాలు కాదు, టైము. అప్పటికి మన ఐఎస్‌టీ లేదు. ఏ ఊరి టైము ఆ ఊరిదే. సముద్రంలో ఓడ తూర్పు పడమరల్లో ఎక్కడుందో తెలియాలంటే సరైన గడియారం కావాలి. అందులో నాలుగు నిమిషాలు తేడా వస్తే ఓడ స్థానం ఒక డిగ్రీ తప్పుతుంది. మన దగ్గర అది వంద కిలోమీటర్ల పైమాట. అందుకే డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా కర్ర పెట్టి రోజూ ఒకే సమయానికి జెండాతో టైము తెలిపే ఏర్పాటు చేశారు. ఓడల వాళ్లు అది చూసి గడియారాలు సరిచేసుకునేవారు. మనం ఫోన్‌లో ఆటోమేటిక్ టైమ్ అని ఆన్ చేసుకుంటాం కదా, అలాంటిదే.

జగ్గారావు గారు 1856లో, నలభై దాటకుండానే పోయారు. అబ్జర్వేటరీ ఏం కావాలి? అప్పటికి ఆయన అల్లుడు నరసింగరావు గారు ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నారు. 1827లో పుట్టారు కాబట్టి వయసు ముప్పై లోపే. ఉద్యోగం వదిలేసి వచ్చి ఎస్టేటుతో పాటు అబ్జర్వేటరీని కూడా చేతుల్లోకి తీసుకున్నారు. భూములు చూసుకోవడానికి రావడం మామూలే. మామగారి టెలిస్కోపుని, గడియారాలని కూడా ఆస్తిలాగే కాపాడటం మామూలు కాదు. ఒకటి రెండేళ్లు కాదు, ముప్పై అయిదేళ్లు నడిపారు. గ్రహణాలు, గ్రహ సంక్రమణాలు చూసి లెక్కలు రాసి లండన్ పంపేవారు. రోజూ వాతావరణం కొలతలు కూడా. రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ, రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ రెండింటికీ ఆయన ఫెలో.

ఆ రోజుల్లో మన తీరం ఖగోళశాస్త్రానికి చిన్న చోటేమీ కాదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చాడు. మద్రాసు అబ్జర్వేటరీ పోగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. సూర్యుడి అంచున లేచే మంటల వెలుగులో ఆ రోజు కనిపించిన పసుపు గీతే తర్వాత హీలియం కథకి మొదలు. గుంటూరు పేరు ప్రపంచ సైన్సు చరిత్రలో ఉంది, మన టెక్స్ట్‌బుక్‌లో నాకైతే కనపడలేదు.

ఇక నరసింగరావు గారి పెద్ద రోజు 1874 డిసెంబర్ 9. ఆ రోజు శుక్రుడు సూర్యుడి ముందు నుంచి నల్ల చుక్కలా దాటాడు. ఇది చాలా అరుదు. మన కాలంలో 2004లో, 2012లో జరిగింది. 2012లో నేను చిన్నపిల్లాణ్ణి, ఇంట్లో ఎవరికీ తెలియదు, మిస్సయ్యాను. మళ్లీ 2117లోనే. ఎందుకంత ముఖ్యం అంటే, భూమి మీద దూరదూరంగా ఉన్న చోట్ల నుంచి ఈ చుక్క దాటడాన్ని చూస్తే దారి కొంచెం వేరుగా, టైము కొంచెం వేరుగా కనిపిస్తుంది. ఆ తేడా నుంచి సూర్యుడు ఎంత దూరమో లెక్క కట్టొచ్చు. ఇప్పుడు మనం 15 కోట్ల కిలోమీటర్లు అని టకటకా చెప్పేస్తాం. అప్పుడు ఆ సంఖ్య కోసం దేశదేశాలు ఓడల్లో మనుషుల్ని పంపాయి.

నరసింగరావు గారు ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. విశాఖలో ఆ రోజు పొద్దున సుమారు ఏడుంబావు నుంచి దాదాపు పన్నెండు దాకా మొత్తం సంక్రమణం సూర్యుడు పైన ఉండగానే జరిగింది. ఆయన దగ్గర అప్పటికి కుక్ కంపెనీ చేసిన ఆరంగుళాల టెలిస్కోపు ఉంది. అప్పటి పద్ధతి ఇలా ఉండేది: కన్ను ఐపీస్ దగ్గర, చెవి గడియారం టిక్కుల దగ్గర. సెకన్లు మనసులో లెక్కపెట్టుకుంటూ, చుక్క సూర్యుడి అంచుని తాకిన క్షణం ఏ టిక్కు మీద పడిందో రాసుకోవాలి. రీటేక్ లేదు. పైగా ఒక తిరకాసు ఉంది. శుక్రుడు పూర్తిగా లోపలికి వచ్చాక కూడా అంచుకి నల్లటి దారం అంటుకున్నట్టు, జారే చుక్కలా సాగి కనిపిస్తుంది. అసలు ఏ క్షణం రాయాలి? పక్కపక్కనే నిల్చున్న వాళ్లకి కూడా టైములు కలిసేవి కావు.

ఇక్కడే నేను ఆగిపోయాను. ఎందుకంటే అదే రోజు జపాన్‌లో, మన గుంటూరు వచ్చిన ఆ జాన్సెనే, వరసగా ఫొటోలు తీసే యంత్రం కనిపెట్టి శుక్రుణ్ణి ఫ్రేము తర్వాత ఫ్రేముగా తీశాడు. మన ఆస్ట్రోఫొటోగ్రఫీకి ముత్తాత లాంటి యంత్రం. కన్ను తప్పు చేస్తుంది, కెమెరా చేయదు అని అందరి ఆశ. కానీ 1874 ఫొటోలు చాలా దేశాల వాళ్లని నిరాశపరిచాయి. ప్లేట్ల మీద అంచులు మసక. కొలవబోతే సూర్యుడి అంచు ఎక్కడో తెలియలేదు. అయినా ఆ మసకని ఎవరూ చెరిపేసి కొత్త అంచు గీయలేదు. కొలతలో ఇంత అనుమానం ఉంది అని దాన్ని కూడా లెక్కలో కలిపారు. ఇంటి అబ్జర్వేటరీలో చూసిన జమీందారు కూడా తన పరిశీలనని ఆ సొసైటీ పత్రిక మంత్లీ నోటీసెస్‌కి పంపారు, అది అచ్చయింది. ప్రపంచం మొత్తం పంపిన కొలతల్లో విశాఖపట్నం ఒక చోటు. అందులో ఆయన లేని సెకను కలిపి ఉంటే? ఎవరూ పట్టుకోలేకపోవచ్చు, కానీ ఆ లెక్క ఎందుకూ పనికిరాదు. నా రెండు మచ్చలు గుర్తొచ్చాయి.

నరసింగరావు గారు 1892 జూన్‌లో పోయారు. ఇక్కడ కథలోకి మిసెస్ వస్తారు. ఆయన భార్య అంకితం అచ్చయ్యమ్మ గారు. భర్త పేరు నిలబడాలని విశాఖలో ఉన్న కాలేజీకి పెద్ద విరాళం ఇచ్చారు. అలా అది మిసెస్ ఏవీఎన్ కాలేజీ అయింది. అబ్జర్వేటరీ కూడా మూతపడిపోకుండా మద్రాసు ప్రభుత్వానికి అప్పగించారు. ఆవిడ జగ్గారావు గారి కూతురు కదా. తండ్రి కట్టింది, భర్త నడిపింది, తను నిలబెట్టింది. కాలేజీ బోర్డు మీద ఆవిడ సొంత పేరు మాత్రం లేదు, మిసెస్ అని ఉంది. అందుకే ఇక్కడ రాస్తున్నా: అచ్చయ్యమ్మ గారు.

ఇంకో సంగతి. అదే కాలేజీలో లెక్చరర్‌గా చేరడానికి తమిళదేశం నుంచి చంద్రశేఖర అయ్యర్ అనే ఆయన పిల్లల్తో వచ్చారు. ఆ పిల్లల్లో ఒకడు ఆ కాలేజీలోనే చదివి 1930లో నోబెల్ తెచ్చుకున్నాడు. సి.వి.రామన్. వెలుగు సంగతి తేల్చినవాడు ఒక ఖగోళశాస్త్రజ్ఞుడి పేరున్న కాలేజీలో చదివాడన్నమాట!

ఇదంతా చదివాక ఆ గ్రూపులో పాత ఫొటో తీసేశాను. ఏఐకి వెయ్యని ఒరిజినల్ పెట్టాను. మసకగా ఉంది, ఒకే ఒక్క మచ్చ కనిపిస్తోంది. కింద తేదీ, టైము, లెన్సు సైజు, అనకాపల్లి అని రాశాను. లైకులు పెద్దగా రాలేదు. అక్క మాత్రం ఈ మచ్చ నాసా ఫొటోలో కూడా ఉందిరా అని రిప్లై ఇచ్చింది.

ఇప్పుడు ఎండ ఉన్న రోజు, ఇంట్లో ఉంటే, అదే టైముకి ఒక ఫొటో తీసి నోట్‌బుక్‌లో రాస్తున్నాను. మబ్బుంటే మబ్బు అని రాస్తున్నాను. సెలవుల్లో అనకాపల్లి వస్తే మా డాబాకి రండి. ఫిల్టర్ నేను ఇస్తాను. ఈసారి ఏవీఎన్ కాలేజీ ముందు నుంచి వెళ్తే, పక్కన కూర్చున్న ఫ్రెండ్‌కి ఆ మిస్టర్ గురించి, ఆ మిసెస్ గురించి ఒక్క ముక్క చెప్పండి.