నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా

ఒంగోలు, దర్శి ప్రాంతములలో పెండ్లి గాని, దేవుని కల్యాణము గాని జరుగునపుడు డోలు మ్రోతతోపాటు నాదస్వర ధ్వని వినవచ్చును. ఆరుబయట, జనుల కోలాహలము నడుమ వినిపింపవలసిన వాద్యమిది. అట్టి గంభీర వాద్యమున మాధుర్యమును పలికించి పేరొందినవారు షేక్ చినమౌలానా సాహెబుగారు.

వీరు 1924వ సంవత్సరమున ఒంగోలు సమీపమునగల కరవది గ్రామమున జన్మించిరి. వీరిది తరతరములుగా నాదస్వరము వాయించుచు వచ్చిన ముస్లిం కుటుంబము. తొలుత తండ్రి కాశిం సాహెబుగారి కడను, పిదప చిలకలూరిపేట ఆదం సాహెబుగారి కడను వీరు విద్య నభ్యసించిరి.

నాదస్వరము పొడవైన కొయ్యగొట్టము. దాని పైకొనకు పీకయు, క్రిందికొనకు గరాటు వలె విప్పారిన ముఖమును ఉండును. ఊపిరి తగులగా పీక కంపించి, గొట్టములోని గాలిని కంపింపజేయును. కంపన పరిమితి పెరిగినకొలది ధ్వని బిగ్గరయగును. విప్పారిన ముఖము ఆ ధ్వనిని బయటి గాలిలోనికి చక్కగా ప్రసరింపజేయును. అయినను దూరము పెరిగినకొలది ధ్వని క్షీణించును. ఆరుబయలున దూరము రెండింతలైనచో తీవ్రత సుమారు నాలుగవ వంతగును. కావున ఊరేగింపున కడపట నడచువానికిని పాట వినబడవలెనన్న ఊపిరి బలము మిక్కిలి అవసరము. కాని ఊపిరి ఒత్తిడి మారినచో స్వరస్థాయియు చలించును. ధ్వనిని హెచ్చించినను తగ్గించినను శ్రుతి తప్పకుండ పెదవులతో పీకను అదుపు చేయవలెను. ఇది యేండ్ల సాధనచే గాని అలవడదు.

తంజావూరు బాణీకి చెందిన రాజరత్నం పిళ్ళెగారి వాదనము చినమౌలానాగారి మనస్సును ఆకర్షించెను. అప్పటికే విద్వాంసులైయుండియు, వీరు మరల శిష్యులై, నాచ్చియార్‌కోయిల్ సోదరులైన రాజం, దురైక్కణ్ణు గార్ల కడ ఆ పద్ధతిని నేర్చిరి. నేర్చినది చాలునని తలంచువారికి ఇట్టి పని సాధ్యము కాదు. 1960వ దశకమున స్వస్థలమును విడిచి శ్రీరంగమున స్థిరపడిరి. తమ మతమును విడువకయే రంగనాథుని సన్నిధిని నాదసేవ చేసిరి.

1977లో భారత ప్రభుత్వము వీరికి పద్మశ్రీ బిరుదమొసగెను. 1982లో వీరు శ్రీరంగమున శారదా నాదస్వర సంగీత ఆశ్రమమును స్థాపించి శిష్యులకు విద్య గరపిరి. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదముతో వీరిని గౌరవించెను. మరుసటి యేట, అనగా 1999లో, వీరు కీర్తిశేషులైరి. వీరి మనుమలు నాదస్వర విద్వాంసులై ఆ సంప్రదాయమును కొనసాగించిరి.

బిగ్గరగా ఊదుటకు బలము చాలును. ఆ బలమును అదుపులో నుంచి మధురముగా పలికించుటకు గురుభక్తియు, ఎడతెగని సాధనయు కావలెను. చినమౌలానాగారి జీవితము ఇందుకు నిదర్శనము.