రాక్షసులకు మాటలు నేర్పిన పింగళి

మాయాబజార్ సినిమా చూడని తెలుగిల్లు బిలాస్‌పూర్‌లో వెతికినా దొరకదు. అందులోని ఘటోత్కచుడు అందరికీ తెలుసు, ఆ వేషం వేసిన ఎస్వీ రంగారావు గారూ తెలుసు. ఆ రాక్షసులందరికీ మాటలు రాసినాయన ఒకప్పుడు మన రైల్వేలోనే ఉద్యోగం చేశారన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆయన పేరు పింగళి నాగేంద్రరావు.

పింగళి గారు 1901 డిసెంబర్ 29న బొబ్బిలి దగ్గరి రాజాంలో పుట్టారు. మనం సెలవులకు ఎక్కే కోర్బా-విశాఖపట్నం రైలు రాయ్‌పూర్, టిట్లాగఢ్, రాయగడ దాటి బొబ్బిలి మీదుగానే వెళ్తుంది. ఆ చుట్టుపక్కల పుట్టినా ఆయన పెరిగిందీ చదివిందీ బందరులో. బందరు అంటే మచిలీపట్నం. అక్కడ ఆంధ్ర జాతీయ కళాశాల ఉండేది. తెల్లవాళ్ళ చదువుకు బదులు మన చదువు మనమే చెప్పుకుందామని కోపల్లె హనుమంతరావు గారూ, ఆయన స్నేహితులూ స్వదేశీ ఉద్యమం రోజుల్లో పెట్టిన కళాశాల అది. పుస్తకాల చదువుతో పాటు చేతిపనులు, యంత్రాల పని కూడా నేర్పేవారు. పింగళి గారు అక్కడ మెకానికల్ ఇంజనీరింగ్ చదివారు. తర్వాత రాక్షసులను తయారుచేసిన మనిషి ముందు నేర్చుకున్నది యంత్రాలన్నమాట!

ఆ చదువుతో ఖరగ్‌పూర్ వెళ్ళి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో చేరారు. అప్పటికి ఆయనకు అటూ ఇటూగా ఇరవై ఏళ్ళు. బి.ఎన్.ఆర్. అంటే మన తాతల తరం వాళ్ళకు వెంటనే తెలుస్తుంది. 1887లో ఏర్పడిన ఆ కంపెనీయే నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా కలకత్తా వైపు పట్టాలు వేసింది. తెలుగువాళ్ళు ఖరగ్‌పూర్‌కూ బిలాస్‌పూర్‌కూ వచ్చి స్థిరపడడం చాలావరకు ఆ రైల్వే ఉద్యోగాల వల్లే. 1955లో ఆ లైన్లు సౌత్ ఈస్టర్న్ రైల్వే అయ్యాయి. 2003లో మన బిలాస్‌పూర్ కేంద్రంగా సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే విడిగా వచ్చింది. కాబట్టి పింగళి గారిని మన పాత స్టాఫ్ అనుకోవచ్చు.

ఖరగ్‌పూర్‌లో ఆయన కార్మికుల యూనియన్ పనుల్లో తిరిగారు. అవి గాంధీగారి పిలుపు ఊరూరా వినిపిస్తున్న రోజులు. కొద్దికాలానికే ఉద్యోగానికి రాజీనామా పెట్టేశారు. రైల్వే ఉద్యోగం వదిలేస్తానంటే ఈ రోజుల్లో మన ఇళ్ళలో ఎంత గొడవ అవుతుందో మీకు తెలుసు. ఆ రోజుల్లోనూ అంతే అయి ఉంటుందని మా అనుమానం.

బందరు తిరిగి వచ్చాక ఆయన నాటకాల్లో పడ్డారు. బెంగాలీ నాటక రచయిత ద్విజేంద్రలాల్ రాయ్ నాటకాలను మేవాడు పతనము, పాషాణి అనే పేర్లతో తెలుగులోకి తెచ్చారు. ఖరగ్‌పూర్‌లో గడిపిన రోజులు ఇందుకు పనికొచ్చి ఉంటాయి. ఉద్యోగం కోసం వేరే రాష్ట్రానికి వెళ్ళినవాళ్ళకు జీతంతో పాటు ఒక భాష కూడా దక్కుతుంది కదా. తర్వాత జేబున్నీసా, వింధ్యరాణి, నా రాజు వంటి సొంత నాటకాలు రాశారు. బందరులో దేవరకొండ వెంకట సుబ్బారావు గారు నడిపిన ఇండియన్ డ్రమెటిక్ కంపెనీకి చాలా ఏళ్ళు రచయితగా ఉన్నారు. పెళ్ళి చేసుకోలేదు.

1941లో భలే పెళ్ళి అనే సినిమాకు రాశారు కానీ అప్పుడు పేరు రాలేదు. 1948లో ఆయన నాటకం వింధ్యరాణి సినిమా అయింది. ఆ మరుసటి ఏడాది గుణసుందరి కథతో దర్శకుడు కె.వి. రెడ్డి గారికీ ఆయనకూ జత కుదిరింది. అప్పటికి పింగళి గారికి యాభై దగ్గర పడుతున్నాయి. 1951లో విజయా సంస్థ తీసిన పాతాళ భైరవి వచ్చింది. కాశీ మజిలీ కథల్లోని ఒక కథను తీసుకుని అల్లిన జానపదం అది. నేపాళ మాంత్రికుడు నోరు తెరిచి డింభకా అని పిలిస్తే ఊళ్ళోని పిల్లలందరూ ఒకరినొకరు అలాగే పిలుచుకున్నారట. మా ఇంట్లో తాతయ్యలు ఇప్పటికీ అలాగే పిలుస్తారు.

ఇక్కడ మేము ఆడే ఆట గురించి కొంచెం చెప్పాలి. మాలో ముగ్గురి ఇళ్ళు తెలిపారాలో ఉన్నాయి. వేసవి మధ్యాహ్నాలు బయటికి పంపరు కాబట్టి లూడో పాచికలతో రాక్షసులనూ గంధర్వులనూ మరుగుజ్జులనూ తయారుచేసి యుద్ధాలు ఆడతాం. ఈ పద్ధతికి పేరు తెచ్చింది 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారుచేసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట. ముందు జాతిని ఎంచుకోవాలి. తర్వాత బలం, తెలివి, ఓర్పు లాంటి ఒక్కొక్క గుణానికీ మూడు పాచికలు కలిపి వేయాలి. మొత్తం 3 నుంచి 18 దాకా ఎంతైనా రావచ్చు. మూడు పాచికలు పడే తీరులు 216. అందులో 18 వచ్చేది ఒక్కసారే. 10 వచ్చేవి 27, 11 వచ్చేవీ 27. అందుకే ఎక్కువమంది మధ్యస్థంగా పుడతారు, మహాబలుడు ఎప్పుడో గానీ పుట్టడు. లెక్కగా చూస్తే చాలా అందమైన పద్ధతి. ఇప్పటి కంప్యూటర్ ఆటల్లో ఇదే పని యంత్రం క్షణంలో చేసి పెడుతుంది.

అలా మేము పన్నెండుమంది రాక్షసులను చేశాం. ఒకడికి బలం 17, తెలివి 6. ఇంకొకడికి బలం 9, ఓర్పు 15. కాగితం మీద పేర్లు చెరిపేస్తే ఎవడు ఎవడో తెలియదు. ఒక్కడి గొంతు కూడా మా చెవిలో పడలేదు.

1957 మార్చి 27న విడుదలైన మాయాబజార్‌లో పింగళి గారు ఈ పని ఎలా చేశారో చూడండి. ముందు రాక్షసజాతి మొత్తానికీ ఒక లక్షణం పెట్టారు. అది కోరలూ కాదు, కొమ్ములూ కాదు, నాలుక. వాళ్ళకు ఒత్తులు సరిగ్గా తిరగవు. అస్మదీయులు అనబోతే అసమదీయులు అవుతుంది. దుష్ట చతుష్టయం కాస్తా దుషట చతుషటయం అయిపోతుంది. అంటే రాక్షసులు కూడా సంస్కృతం మాట్లాడాలని తాపత్రయపడుతున్నారు, నోరు తిరగడం లేదు! భయపెట్టాల్సినవాళ్ళ మీద మనకు ముద్దు పుట్టేది అక్కడే. తర్వాత ఒక్కొక్కరికీ ఒక్కో గుణం. చినమయ్య మాయలు తెలిసిన గురువు, తన విద్య గురించి చెప్పుకోవడం ఆయనకు మహా ఇష్టం. లంబు, జంబు ఆయన వెనక తిరిగే శిష్యులు. ఘటోత్కచుడు కొండలు పిండిచేయగల వీరుడు, అమ్మ ముందు మాత్రం చిన్నపిల్లవాడు. మా ఆటలో ఈ చివరి గుణానికి గడే లేదు.

అసమదీయులు కానివాళ్ళను ఏమనాలంటే ఒక రాక్షసుడు తసమదీయులు అనే మాట కల్పిస్తాడు. అలాంటి మాట ఏ నిఘంటువులోనూ లేదు. ఘటోత్కచుడు కోప్పడడు, మాట పుట్టించినందుకు వాడి మెడలో వీరతాళ్ళు వేయిస్తాడు. కంబళికి జోడుగా గింబళి, తల్పానికి జోడుగా గిల్పం కూడా అలా పుట్టినవే.

ఈ దృశ్యం మాకెందుకంత ఇష్టమో చెబుతాం. బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ, ఇంట్లో తెలుగు. మాలో ఒకరు మూడు బదిలీల్లో మూడు ఊళ్ళు మారారు. మేము పెళ్ళిని పెల్లి అంటాం, నీళ్ళను నీల్లు అంటాం. విజయనగరంలో పెద్దమ్మ పిల్లలు ఆ మాట మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని నవ్వుతారు. ఒత్తు పలకలేనివాడికి వీరతాడు పడింది, మాకు తెలిసి, ఆ ఒక్క సభలోనే.

ఇంకొక గమ్మత్తు. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ఎత్తుతాడు. తెర మీద కనిపించేది సావిత్రి గారే, కానీ ఆ నడకా ఆ చూపూ ఘటోత్కచుడివి. రూపం ఒకరిది, గుణం ఇంకొకరిది. పాచికలతో గుణాలు పంచే ఆటలో దీన్ని ఎలా రాయాలో మేమెంత ఆలోచించినా తేలలేదు. పాచికలంటే శకుని కూడా ఈ కథలో ఉన్నాడు. ఆయన పాచికలు లూడో పాచికల్లా పడవు, ఆయన ఎలా చెబితే అలా పడతాయి. అంత చేతివాటం ఉన్నవాడిని సత్యపీఠం ఎక్కించి, కుట్ర మొత్తం ఆయన నోటితోనే చెప్పించారు. పాండవులు ఒక్కసారి కూడా తెర మీదికి రాకుండా ఇంత పాండవుల కథ నడిపించడం మాకు అన్నిటికంటే పెద్ద మాయగా తోస్తుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంగ్లండులో టోల్కీన్ అనే భాషల ప్రొఫెసర్ ఎల్ఫులూ మరుగుజ్జులూ హాబిట్లూ ఉన్న పెద్ద కథ రాశారు. అది 1954, 55 సంవత్సరాల్లో మూడు భాగాలుగా వచ్చింది. ఆయన ముందు భాషలు కల్పించి, ఆ భాషలు మాట్లాడే జాతులను తర్వాత కల్పించారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ జాతుల్లో చాలావాటికి ఆ కథే మూలం. పాచికలు వచ్చింది ఆ తర్వాత. అక్కడ ఆక్స్‌ఫర్డ్‌లో, ఇక్కడ మద్రాసులో, ఇద్దరూ మాటతోనే మొదలుపెట్టారు.

పింగళి గారు మాటలతో పాటు పాటలూ రాశారు. మిస్సమ్మ, జగదేకవీరుని కథ, గుండమ్మ కథ పాటలు ఆయనవే. మిస్సమ్మలో డబ్బుకు తైలం అని పేరు పెట్టిందీ ఆయనే. పరీక్ష ఫీజు అడిగేటప్పుడు మేము నాన్నగారితో ఈ మాట వాడి చూశాం, పనిచేసింది. ఆయన 1971 మే 6న కన్నుమూశారు. మాయాబజార్‌కు 2010లో రంగులు వేసి మళ్ళీ విడుదల చేశారు. మాటలు మాత్రం పాతవే.

మా ఆట కాగితంలో ఇప్పుడు బలం గడి పక్కన కొత్త గడి ఒకటి గీశాం. ప్రతి రాక్షసుడూ ఏ మాట తప్పు పలుకుతాడో అందులో రాయాలి. దానికి పాచిక వేయడం లేదు.