అచ్చుపని కుర్రాడి వీలునామా

బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు చెప్పగానే పిడుగులో ఉన్నది విద్యుత్తేనని చూపిన శాస్త్రవేత్త గుర్తొస్తాడు, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన నాయకుడు గుర్తొస్తాడు. చేతిపని నేర్చుకునే పిల్లల కోసం ఆయన విడిచివెళ్లిన సొమ్ము సంగతి మాత్రం తక్కువమందికే తెలుసు.

1706లో బోస్టన్‌లో పుట్టాడు. తండ్రి సబ్బులు, కొవ్వొత్తులు చేసి అమ్మేవాడు. పదిహేడుమంది సంతానంలో బెంజమిన్ పదిహేనోవాడు. బడి చదువు రెండేళ్లే, పదేళ్లకే మానేసి తండ్రి పనిలో చేరాడు. కొవ్వు కరిగించే ఆ పని పిల్లవాడికి అస్సలు నచ్చలేదు. తండ్రి కొట్టలేదు, తిట్టలేదు. వాణ్ని వెంటబెట్టుకుని వడ్రంగులు, తాపీమేస్త్రీలు, ఇత్తడి పనివాళ్లు పనిచేసేచోటికల్లా తీసుకెళ్లి చూపించాడు. మనసు ఎటు పోతుందో కనిపెట్టాలని. పిల్లల్ని ఏ కోర్సులో వేయాలా అని తలపట్టుకునే అమ్మీఅబ్బాలకు ఈ సబ్బులాయన గురించి కాస్త తెలియాలి.

చివరికి పన్నెండేళ్లప్పుడు అన్న జేమ్స్ ప్రెస్సులో పని నేర్చుకోవడానికి చేర్చారు. మన దగ్గర కుర్రాళ్లు ఉస్తాద్ దగ్గర కుదిరినట్టే, కాకపోతే ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకా ఉండాలని కాగితం రాసిచ్చారు. అన్న చెయ్యి చేసుకునేవాడు. 1723లో, పదిహేడేళ్ల వయసులో, బెంజమిన్ ఎవరికీ చెప్పకుండా ఫిలడెల్ఫియా పారిపోయాడు.

అక్కడి గవర్నర్ ప్రెస్సు పెట్టిస్తానని ఆశచూపి, సామాను కొనుక్కోమని లండన్ పంపాడు. తీరా అక్కడికి చేరాక చూస్తే ఇస్తానన్న హామీ ఉత్తరాలు ఒక్కటీ లేవు. చేతిలో హునర్ ఉంది కాబట్టి సరిపోయింది. లండన్ ప్రెస్సుల్లోనే పనిచేసి పొట్టపోసుకుని, 1726లో తిరిగొచ్చాడు.

తర్వాత భాగస్వామితో కలిసి సొంత ప్రెస్సు పెట్టాడు. భాగస్వామి తండ్రి ఇస్తానన్న డబ్బులో సగమే ఇచ్చాడు. బాకీవాళ్లు కోర్టుకెక్కారు. ప్రెస్సు చేజారిపోతుందనగా విలియం కోల్‌మన్, రాబర్ట్ గ్రేస్ అనే ఇద్దరు స్నేహితులు, ఒకరికి తెలియకుండా ఒకరు, మొత్తం అప్పు తామే ఇస్తామని ముందుకొచ్చారు. ఎవరి మనసూ నొప్పించకుండా చెరి సగం తీసుకున్నాడు. ఆ తర్వాత పంచాంగం, లైబ్రరీ, పేరు, పదవులు అన్నీ వచ్చాయి.

ఆ అప్పును ఆయన మర్చిపోలేదు. పెన్సిల్వేనియా అధ్యక్షుడిగా మూడేళ్లు అందుకున్న జీతాన్ని సొంతానికి వాడుకోవడం ఇష్టంలేక, 1789లో వీలునామాకు అదనంగా ఒక పత్రం రాశారు. బోస్టన్‌కు వెయ్యి పౌన్లు, ఫిలడెల్ఫియాకు వెయ్యి పౌన్లు. పని నేర్చుకోవడం పూర్తిచేసిన యువకులకు దాన్నుంచి 15 నుంచి 60 పౌన్ల దాకా అప్పు ఇవ్వాలి, ఏటా పదోవంతు చొప్పున వసూలు చేయాలి. ఇది కర్జె హసనా కాదు, నూటికి ఐదు వడ్డీ ఉంది. ఇద్దరు జామీను ఉండాలి. వయసు 25 లోపు, పెళ్లి అయివుండాలి, ఒప్పంద కాలమంతా నమ్మకంగా పనిచేసివుండాలి. తమాషా ఏంటంటే, అన్న దగ్గర్నుంచి పారిపోయిన, అప్పు తీసుకునేనాటికి పెళ్లికాని ఫ్రాంక్లిన్‌కే ఈ షరతుల కింద ఒక్క పౌను పుట్టేది కాదు.

1790 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు. సొమ్మును రెండు వందల ఏళ్లు తిప్పాలన్నది ఆయన లెక్క. ఆ లెక్క అనుకున్నట్టు సాగలేదు. ఫ్యాక్టరీలు వచ్చి ఉస్తాద్ దగ్గర పని నేర్చుకునే పద్ధతే తగ్గిపోయింది. అప్పు అడిగేవాళ్లు కరువయ్యారు, తీసుకున్నవాళ్లలో కొందరు ఎగ్గొట్టారు. అయినా వందేళ్ల తర్వాత బోస్టన్ వాటాతో, ఆండ్రూ కార్నెగీ అంతే సొమ్ము కలపగా, 1908లో ఒక సాంకేతిక పాఠశాల తెరిచారు. అది నేటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది.

1990లో గడువు ముగిసేసరికి బోస్టన్ నిధి సుమారు 50 లక్షల డాలర్లు, ఫిలడెల్ఫియా నిధి సుమారు 20 లక్షలు. అప్పు తీసుకునే పనివాళ్లు లేరు, కానీ హైస్కూలు ముగించి పని నేర్చుకోవాలనుకునే పిల్లలు ఉన్నారు. ఫిలడెల్ఫియా తన వాటాను చేతిపనులు, సాంకేతిక కోర్సుల్లో చేరే ఆ పిల్లల స్కాలర్‌షిప్పులకు పెట్టింది. స్కాలర్‌షిప్పు కాబట్టి తిరిగి కట్టే పనిలేదు, జామీను అక్కర్లేదు, వడ్డీ మాటే లేదు.