రోడ్ నంబర్ 46లో పుట్టినరోజు

ఆగస్టు 22న చిరంజీవి పుట్టినరోజంటే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ దద్దరిల్లిపోతాయి. ఆ సందడి సద్దుమణిగాక నాలుగో రోజున ఈ పేటలోనే, జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 46లో, మరో పుట్టినరోజు వస్తుంది. దానికి కటౌట్లు కట్టరు, పాలాభిషేకాలు చెయ్యరు. 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా పుట్టి, 1991లో అంబేద్కర్ పేరు పెట్టుకున్న సంస్థది ఆ పండగ. దేశంలో ఇలాంటిది ఇదే మొదటిది. ఇగ్నో వచ్చింది 1985లో. రెంటికీ తొలి వైస్ చాన్స్‌లర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డే.

ఈ అభినందన లెక్కల, సైన్సు పంతుళ్ల తరఫున. ఇంటర్ తర్వాత టీచర్ ట్రైనింగ్ చేసి తండా బడిలో ఎస్‌జీటీగా చేరినాయనకు హైస్కూల్లో లెక్కలు చెప్పాలని ఉంటుంది. స్కూల్ అసిస్టెంట్ కావాలంటే డిగ్రీ ఉండాలి, బీఈడీ ఉండాలి. సెలవు పెట్టి కాలేజీకి పోతే ఇల్లు గడవదు. ఏకోపాధ్యాయ పాఠశాలైతే బడికి తాళమే. అలాంటివాళ్లకు ఈ విశ్వవిద్యాలయం తెలుగులో పుస్తకాలిచ్చింది, దగ్గర్లోని కాలేజీలోనే స్టడీ సెంటర్ పెట్టింది, ప్రాక్టికల్స్ చేయించింది, ఉద్యోగంలో ఉండగానే బీఈడీ చదివించింది. నన్నడిగితే, నెల జీతం ఆగకుండా చదువు సాగడమే వాళ్లకు దక్కిన పెద్ద స్కాలర్‌షిప్.

అయినా పుట్టినరోజు కదా, ఒక కోరిక కోరుకోవచ్చు. అమెరికాలో ఇంటెల్ స్థాపకుల్లో ఒకరైన రాబర్ట్ నాయిస్ పేరిట ప్రభుత్వ స్కాలర్‌షిప్పుంది. సైన్సు, లెక్కల టీచర్లు కాబోయేవాళ్లకు చదువు ఖర్చులిస్తారు. ఒక ఏడాది డబ్బు తీసుకుంటే రెండేళ్లు అవసరం ఎక్కువున్న ప్రాంతాల బడుల్లో పని చెయ్యాలి. అలాంటిది మన దగ్గర ఈ పేటలోనే మొదలైతే బావుండు.

డబ్బెవరిస్తారంటారా? 2023లో వచ్చిన ‘సార్’ సినిమాలో పల్లెటూరి ప్రభుత్వ కాలేజీకి వెళ్లి లెక్కలు చెప్పిన మాస్టారే హీరో. హాల్లో ఈలలు పడ్డాయి. ఫిల్మ్‌నగర్ ఆ ఈలల డబ్బులో కొంచెం పక్కవీధికి పంపితే చాలు.

శుభాకాంక్షలు. ప్రాక్టికల్ రికార్డు చంకన పెట్టుకుని తెల్లారగట్ల బస్సు కోసం నిలబడ్డ టీచరమ్మకు కూడా.