ఫకీరు సింగు దొరగారు, స్టూవర్టుపురము బిడ్డలు



గడచిన నెలలో మన భోగాపురము ఆదివారపు బడిలో ఒక పిల్లవాని కలము కనబడలేదు. వెదకక మునుపే మరియొక పిల్లవాడు మూలను కూర్చున్న ఎరుకుల బాలుని చూపి, వీడు స్టూవర్టుపురము వాడని నవ్వెను. తక్కిన పిల్లలును నవ్విరి. ఆ బాలుని తాతముత్తాతలు మన తట్టు వారే; బుట్టలు, చేటలు అల్లి అమ్ముకొని బ్రదికినవారు. స్టూవర్టుపురము ఏ దిక్కున నున్నదో ఆ బాలునికి తెలియదు. మేము అడిగి చూడగా నవ్విన పిల్లలకును తెలియదు. సినిమాల వలన ఆ పేరు మాత్రము విని యున్నారు. కనుక ఆ ఊరి సంగతియు, దానికి కారకుడైన ఒక దొరగారి జీవితమును ఈ నెల వ్రాయ తలచితిమి.

ఫ్రెడరిక్ టక్కర్ గారు 1853 మార్చి 21న ముంగేరు పట్టణములో పుట్టెను. అది ఇప్పుడు బీహారులో నున్నది. తాతగారు ఈస్టిండియా కంపెనీకి అధ్యక్షత వహించినవాడు. తండ్రి సర్కారు ఉద్యోగి. ఇంగ్లండులో చదువు ముగించి, 1875లో లండను నగరమందు మూడీ గారి కూటములకు వెళ్లి, అక్కడ హృదయము మార్చుకొనెను. ఆ తరువాత ఐ.సి.యస్. ఉద్యోగియై పంజాబునకు వచ్చెను. ఆ కాలపు దొరల కులము చాల గట్టి కులము. ఎవరి యింట తినవలెనో, ఎవరితో కూర్చొనవలెనో, ఏ బట్ట కట్టవలెనో అన్నిటికిని కట్టుబాటు గలదు. దానిని మీరినవాడు తనవారందరికిని తలవంపులు తెచ్చినట్లే. మన ఊళ్ల కట్టుబాట్లు వారి బంగళాలలో లేవని ఎవరైన అనుకొనిన పొరబాటు.

1881లో రక్షణ సైన్యము వారి పత్రిక ఒకటి ఆయన చేతికి వచ్చెను. సెలవు పెట్టి లండను వెళ్లి, వారిని కన్నులార చూచి, ఉద్యోగము వదలివేసెను. 1882 సెప్టెంబరులో చిన్న జట్టుతో బొంబాయి ఓడరేవున దిగెను. కాషాయ వస్త్రములు కట్టెను, చెప్పులు విడిచెను, ఫకీరు సింగు అని పేరు పెట్టుకొనెను. వీధిలో ఊరేగింపు చేయరాదని పోలీసులు అడ్డగించినను మానలేదు గనుక 1883లో ఆయనను జైలులో వేసిరి. నిన్నటిదాక ఇతరులకు శిక్ష వేసినవాడు ఖైదీల గంజి త్రాగెను. దొరలలో చాలమందికి ఇది సిగ్గుగా తోచెను.

గుజరాతులో జరిగినట్లు చెప్పుకొను సంగతి ఒకటి గలదు. ఒక గ్రామములో ఆయనకు అన్నము, నీళ్లు ఇచ్చుటకు ఒప్పుకొనలేదు. ఆయనయు తోటివాడును ఊరి బయట చెట్టు క్రింద పడి నిద్రించిరి. ఊరివారు వచ్చి చూడగా ఆ అరికాళ్లు బొబ్బలెక్కి యుండెను. చెప్పులకు అలవాటుపడిన మెత్తని పాదములు మనకొరకు ఇట్లైనవి గదా అని వారి మనస్సు కరిగెను. లేపి, అన్నము పెట్టి, మాట వినిరి. ప్రసంగము కంటె పాదములే ముందు మాటలాడినవని మాకు తోచుచున్నది.

1888లో రక్షణ సైన్యపు స్థాపకుడైన విలియం బూత్ గారి కుమార్తె ఎమ్మాను వివాహము చేసికొని, ఆ యింటి పేరును తన పేరున చేర్చుకొని బూత్ టక్కరు అయ్యెను. 1896 మొదలు 1904 వరకు అమెరికాలో సేవ చేసి, పట్టణములలోని బీదలను తీసికొనిపోయి పొలములిచ్చి కాపురముంచు కాలనీలు పెట్టెను. 1903లో ఎమ్మాగారు రైలు ప్రమాదములో మరణించిరి. 1907లో ఆయన మరల ఇండియాకు వచ్చెను.

ఇక ఎరుకుల వారి సంగతి. వీరు పూర్వము సముద్రపు ఒడ్డున ఉప్పు కొని, గాడిదల మీదను ఎద్దుల మీదను లోపలి సీమలకు మోసి, అక్కడి ధాన్యము తెచ్చి అమ్మెడివారు. ఆడువారు సోది చెప్పుదురు, బుట్టలల్లుదురు. రైలు వచ్చెను, ఉప్పు మీద సర్కారు పన్ను బిగిసెను, 1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు పడెను. ఎద్దు మోయవలసిన బరువును రైలు మోసిన తరువాత ఎద్దు గలవాడేమి తినవలెను? అందులో కొందరు దొంగతనమునకు దిగిరి. అందరు కాదు, కొందరని మరల చెప్పుచున్నాము.

ఆ కొందరి యిండ్లలో పెరిగిన బిడ్డకు ఒక ధర్మశాస్త్రము గలదు. అది వ్రాతలో లేదు. తోటివాని పేరు చెప్పకూడదు; దెబ్బలు తినవచ్చును గాని పేరు బయట పెట్టరాదు. ఒకడు జైలుకు పోయిన యెడల వాని భార్యాబిడ్డలను తక్కినవారు పోషింపవలెను. వాని వంతు వాని యింటికి చేరవలెను. తగవు వచ్చిన కచేరికి పోరాదు, కుల పంచాయతి ఎదుట నిలువవలెను. అక్కడ అబద్ధమాడినవానికి కులములో చోటు లేదు. ఇంటిలో మాటలాడుకొనుటకు తమిళమునకు దగ్గరైన సొంత భాష ఒకటి గలదు. అది పైవారికి తెలియదు. ఇవన్నియు ఆనాటి పోలీసు అధికారులు వ్రాసిన పుస్తకములలో నున్నవి. వ్రాసినవారు పోలీసులు గనుక కొంత తగ్గించి చదువవలెను. అయినను ఒకటి నిజము. ఆ బిడ్డ నీతి లేని యింట పెరుగలేదు. తనవారి యెడల నమ్మకమును, విధవరాలి యెడల బాధ్యతను మన పిల్లల కంటె గట్టిగా నేర్చుకొనెను. ఆ నీతికి గుడిసెల వరుస చివర ఒక గోడ యుండెను. గోడ అవతలివాడు పొరుగువాడు కాడు. మన నీతికి అట్టి గోడ లేదా అని మేము ఎవరిని అడుగుట లేదు, మమ్మును మేమే అడుగుకొంటిమి.

సర్కారు ఏమి చేసెను? 1871లో ఉత్తర దేశమునకు క్రిమినలు జాతుల చట్టము చేసి, 1911లో దానిని మన మద్రాసు రాజధానికిని వర్తింపజేసెను. ఈ చట్టము ఈ మనిషి దొంగిలించెనా అని అడుగదు. ఏ జాతిలో పుట్టెనని అడుగును. జాబితాలో పేరెక్కినవాడు వ్రేలిముద్రలు ఇవ్వవలెను, హాజరు చెప్పుకొనవలెను, చీటీ లేక ఊరు దాటరాదు. ఆరేండ్లు దాటిన బిడ్డలను తలిదండ్రుల యొద్దనుండి తీసి వేరు బడిలో నుంచుటకును అధికారము గలదు. మన యిండ్లలో బిడ్డ పుట్టగానే బాప్తిస్మమునకో ప్రతిష్ఠకో గుడికి తెత్తుము. వారి బిడ్డకు పోలీసు పుస్తకము కాచుకొని యుండెను.

బూత్ టక్కరు గారు 1908లో గోరఖ్‌పూరులో డోములు అను జాతివారి కొరకు మొదటి సెటిల్మెంటు తెరిచెను. ఆయన తలంపు ఏమనగా, నేరము ఒక వ్యాధి, జైలు దానికి మందు కాదు. పని, భూమి, ప్రేమ మందు. దీనిని గూర్చి ఒక పుస్తకమే వ్రాసెను. అందులో ఈ జనులకు క్రిమినలు అను మాటను తుంచి క్రిమ్ అని ముద్దు పేరు పెట్టెను. తెలుగు చెవికి అది పురుగని వినబడును. ఆయనకు తెలుగు రాదు గనుక ఆ తప్పు మన్నింపవచ్చును గాని, మాట మాత్రము అట్లే యున్నది.

1913 ప్రాంతమున గుంటూరు జిల్లాలో సీతానగరమును, బాపట్ల చీరాలల నడుమ రైలు దారి ప్రక్కన స్టూవర్టుపురమును రక్షణ సైన్యము వారి చేతికి వచ్చినవి. మద్రాసు సర్కారులో పెద్ద అధికారియైన హెరాల్డు స్టూవర్టు గారి పేరు ఆ ఊరికి పెట్టిరి. కావలిలో అమెరికన్ బాప్తిస్టు మిషనుకు చెందిన బాడెన్ దొరగారు ఇట్టి పనియే చేసిరి. స్టూవర్టుపురములో కుటుంబములకు పొలము పంచిరి, నేత నేర్పిరి, బడి పెట్టిరి, వైద్యము చేసిరి. చీరాల పొగాకు కంపెనీకి అక్కడనుండి కూలి జనము పోయెను. ఎన్ని తరములుగానో అక్షరము చూడని యిండ్లలో బిడ్డలు చదువుకొనిరి. ఇది మేలు. దీనిని ఎవరు కాదనినను మేము ఒప్పుకొనము.

అయితే రెండవ సంగతియు చెప్పకపోయిన అబద్ధమగును. పగలు సువార్త చెప్పిన నోరే రాత్రి హాజరు పిలిచెను. చీటీ వ్రాయు చేయియు, ప్రార్థనలో ఎత్తిన చేయియు ఒకటియే. తల్లి యొద్ద నుంటే బిడ్డ చెడునని తలంచి, బిడ్డలను తీసి బోర్డింగులో నుంచిరి. తల్లి నేర్పిన దొంగతనముతో కూడ తల్లి నేర్పిన భాషయు, జైలులో నున్నవాని భార్యకు వంతు పెట్టు మర్యాదయు తీసివేయవచ్చునని వారు తలంచిరి. ఆ తల్లులు ఏమనుకొనిరో వ్రాసి పెట్టినవారు లేరు. తన కులపు గౌరవమును చెప్పులతో కూడ విడిచివచ్చిన ఫకీరు సింగు గారు ఈ హాజరు పుస్తకమును ఎట్లు సహించెనో మాకు అర్థము కాదు. బహుశః జైలు కంటె ఇది నయమని తలంచి యుండవచ్చును. ఆ దినములలో ఆయన ఎదుట ఉన్న దారులు ఆ రెండే యని మేము ఆయన పక్షమున ఒప్పుకొందుము. ఆ తల్లుల పక్షమున ఒప్పుకొనలేము.

1913లో సర్కారు ఆయనకు కైసర్-ఇ-హింద్ పతకమిచ్చెను. 1919లో ఆయన ఇండియా విడిచెను. 1929 జూలై 17న లండనులో కన్నుమూసెను. మన రాష్ట్రములో ఆ చట్టము 1947లో రద్దయ్యెను, దేశమంతట 1952 ఆగస్టు 31న తీసివేయబడెను. అప్పటికి ఆ జాబితాలో పుట్టి, జాబితాలోనే ముసలివారైనవారు గలరు. చట్టము పోయినను పేరు పోలేదు. ఎక్కడ దొంగతనము జరిగినను పోలీసు బండి ఆ ఊరికే వచ్చుట చాల యేండ్లు సాగెను. 1970ల తరువాత కవి జాషువ గారి కుమార్తె హేమలత గారు, ఆమె భర్త లవణం గారు ఆ యిండ్ల మధ్య తిరిగి, నేరము విడిచినవారికి బ్రతుకు తెరువు చూపుటకు పాటుపడిరి. 1991లో ఆ ఊరి పేరు పెట్టి సినిమాలు తీసిరి. మన పిల్లలు నేర్చుకొనినది హేమలత గారి సంగతి కాదు, సినిమా పేరు.

కలము మరుసటి ఆదివారము హార్మోనియము పెట్టె క్రింద దొరకినది. ఎరుకుల బాలుడు ఆ ఆదివారము రాలేదు. మేమును పాదిరిగారును వారి యింటికి పోయితిమి. తల్లి చాప వేసి, టీ ఇచ్చినది. బాలుడు మాత్రము దొడ్డిలోనుండి బయటికి రాలేదు.

ఈ మాసపు గృహ ప్రార్థనలలో యెహెజ్కేలు 18వ అధ్యాయమును, ఫిలేమోను పత్రికను చదువుకొన గోరుచున్నాము.